లైట్ అని నేనే తెచ్చిచ్చాను

మా తోటలో నులక మంచం పక్కన ఒక కొబ్బరి చిప్ప ఉండేది. నాన్న సిగరెట్ పీకలన్నీ అందులోనే వేసేవాడు. ఎండుటాకుల మీద పడితే తోట అంటుకుంటుందని ఆయన భయం. పొద్దున్నే అమ్మ క్యారేజీతో వెళ్లి, ఆ చిప్ప బోర్లించి, అక్కడంతా ఊడ్చి వచ్చేది. 2022 డిసెంబర్‌లో ఒకరోజు నాకు ఫోన్ చేసింది.

"ఒరేయ్, నువ్వు తెచ్చిన సిగరెట్లు మంచివేనా?"

"మంచివేనమ్మా. లైట్ అవి. నికోటిన్ తక్కువ."

"తక్కువైతే ఎక్కువెందుకు తాగుతున్నాడు? ఇదివరకు చిప్పలో పది పీకలుండేవి. ఇప్పుడు పదహారు, పదిహేడు ఉంటున్నాయి."

నా దగ్గర సమాధానం లేదు. మీటింగ్ ఉందని చెప్పి ఫోన్ పెట్టేశాను. అమ్మ అడిగిన ఆ ప్రశ్నకి జవాబు దొరకడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో ఒక ఆస్పత్రి కూడా ఉంది.

మాది జి. కొండూరు. విజయవాడ నుంచి ఇబ్రహీంపట్నం మీదుగా మైలవరం వెళ్లే దారిలో వస్తుంది. ఇటు మైలవరం, అటు నూజివీడు, ఎటు చూసినా మామిడి తోటలే. మాకూ నాలుగెకరాలుంది. ఎక్కువ బంగినపల్లి, గట్టు వెంట చిన్న రసాలు, ఓ పది కలెక్టర్ చెట్లు. పూత మొదలైన దగ్గర్నుంచి కాయ నున్న మార్కెట్‌కి చేరేదాకా నాన్న రాత్రిళ్లు తోటలోనే. కోతులు, దొంగలు, గాలివాన... అన్నిటికీ ఆయనొక్కడే కాపలా. ఆయనకి తోడు సిగరెట్టు.

తాతయ్యది లంక పొగాకు చుట్ట. నాన్న ఇరవయ్యేళ్లకే ఫిల్టర్ సిగరెట్టుకి మారి, అదేదో డెవలప్‌మెంట్ అనుకున్నాడు. మానెయ్యమని ఇంట్లో ఎన్నిసార్లు గొడవ జరిగిందో లెక్కలేదు. చివరికి నేనొక రాజీ మార్గం కనిపెట్టాను. హైదరాబాద్‌లో ఆఫీసు కింద కిళ్లీ కొట్టులో ఒక రకం దొరికేది. పెట్టె తెల్లగా, నీటుగా ఉంటుంది. దాని మీద లైట్ అని ఏమీ రాసి ఉండదు. కొట్టతను మాత్రం "ఇది లైటన్నా" అంటాడు. అంతే, నమ్మేశాను. దీపావళికి వెళ్లినప్పుడు నాలుగు పెట్టెలు తీసుకెళ్లి నాన్నకి ఇచ్చాను.

"మానడం నీ వల్ల కాదు. కనీసం ఇది తాగు" అన్నాను.

కొడుకు తెచ్చాడని ఆయన మురిసిపోయాడు. తర్వాత ఇబ్రహీంపట్నంలో అవే దొరకబుచ్చుకుని అలవాటు చేసుకున్నాడు.

ఒక్క విషయం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ రకం సంగతి నాకెలా తెలుసంటే, నేనూ అదే తాగేవాణ్ణి. టీ బ్రేక్‌లో రెండు, సాయంత్రం రెండు. "లైటే కదా" అనుకుంటూ.

2023 మే నెల. కోత మధ్యలో ఉంది. చిక్కాలతో మనుషులు కాయ దింపుతుంటే, నాన్న చెట్టు కింద కూర్చుని సొన కారుతున్న కాయలు వేరు చేస్తున్నాడు. ఉన్నట్టుండి చెమటలు పట్టి, ఎడమ చెయ్యి లాగుతోందన్నాడట. కూలీలే ఆటోలో ఎక్కించారు. విజయవాడలో ఆస్పత్రికి చేరేసరికి గంటంబావు. స్టెంట్ వేశారు. నేను రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి దిగాను.

డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, "రోజుకెన్ని తాగుతారు?"

అమ్మ, "ఇదివరకు పది, ఇప్పుడు పదిహేడు" అంది. చిప్ప లెక్క.

"ఎందుకు పెరిగాయి?"

అమ్మ నావైపు చూసింది. తప్పు పట్టి చూడలేదు. చదువుకున్నవాడు చెప్తాడని చూసింది. "లైట్‌కి మార్చాం సార్" అన్నాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "లైట్ అనేది ఏదీ లేదు బాబూ. ఒకసారి ఫిల్టర్ చూడు" అని వెళ్లిపోయారు.

ఆ రాత్రి ఆస్పత్రి బయట, నా జేబులో ఉన్న పెట్టెలోంచి ఒకటి తీశాను. ఫిల్టర్ మీది కాగితం జాగ్రత్తగా విప్పి, ఫోన్ టార్చ్ వేసి వెలుగుకి అడ్డంగా పట్టుకున్నాను. చుట్టూ వరసగా చిన్న చిన్న చిల్లులు. సూదితో పొడిచినంత కూడా లేవు. ఐదేళ్లుగా తాగుతున్నాను, ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ చిల్లుల కథ ఇది. సిగరెట్టులోంచి ఎంత తారు, ఎంత నికోటిన్ వస్తుందో కొలిచేది మెషీన్. అమెరికాలో 1967లో మొదలైన పద్ధతిలో ఆ మెషీన్ నిమిషానికి ఒక్క దమ్ము లాగుతుంది. రెండు సెకన్లు, 35 మిల్లీలీటర్లు. ఫిల్టర్‌కి చిల్లులుంటే పొగతో పాటు బయటి గాలి కూడా లోపలికి వస్తుంది. పొగ పలచబడుతుంది, మెషీన్‌లో అంకె తగ్గుతుంది. ఆ అంకె పేరే "లైట్". లోపలున్న పొగాకులో నికోటిన్ మాత్రం దాదాపు మామూలు సిగరెట్టులో ఉన్నంతే.

మనిషి మెషీన్‌లా తాగడు. నాన్న ఎలా తాగేవాడో అప్పుడు గుర్తుకొచ్చింది. పాత సిగరెట్టు వేళ్ల చివర పట్టుకునేవాడు. నేనిచ్చింది వేళ్ల మధ్య బాగా లోపలికి పట్టుకుని, పెదాలు ఫిల్టర్ సగం దాకా మూసి, బుగ్గలు లోపలికి పోయేలా లాగేవాడు. ఆయనకి తెలియకుండానే ఆ చిల్లులు వేళ్లతో, పెదాలతో మూసేస్తున్నాడు. పెద్ద దమ్ము, లోతు దమ్ము, పీక కాలేదాకా దమ్ము. అది కూడా చాలకపోతే ఇంకో సిగరెట్టు.

ఎందుకంటే ఒంటికి ఒక లెక్కుంటుంది. పీల్చిన నికోటిన్ పది ఇరవై సెకన్లలో మెదడుకి చేరుతుంది. రెండు గంటల్లో రక్తంలో ఉన్నది సగానికి తగ్గుతుంది. తగ్గగానే చిరాకు, చేతులు ఊరుకోకపోవడం, జేబు తడుముకోవడం. అలవాటు పడ్డ ఒళ్లు తన మోతాదు తను వసూలు చేసుకుంటుంది. దమ్ముల్లో తక్కువిస్తే సిగరెట్లలో తీసుకుంటుంది. ఆ వసూళ్లలో నికోటిన్ ఒక్కటే రాదు. తారు వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. క్యాన్సర్లకి ప్రధాన కారణం నికోటిన్ కాదు, ఆకు కాలితే వచ్చే ఆ పొగ. గుండె మీద పెద్ద దెబ్బ కూడా ఆ పొగదే. నికోటిన్ చేసే పని మనల్ని ఆ పొగ దగ్గరికి మళ్లీ మళ్లీ పిలుచుకురావడం.

అంటే నాన్నకి నేను తక్కువ విషం ఇవ్వలేదు. అదే మోతాదు కోసం ఇంకో ఏడు సిగరెట్లు తాగాల్సిన పని పెట్టాను. పీకలు లెక్కపెట్టి అమ్మ అప్పుడే ఆ మాట చెప్పింది. నేను మీటింగ్ ఉందన్నాను.

గుండెపోటు నా వల్లే వచ్చిందని అనను. ముప్పై ఐదేళ్ల అలవాటు అది. డాక్టరు గారు కూడా అలా అనుకోవద్దన్నారు. కానీ ఆరు నెలల పాటు నేను నిశ్చింతగా ఉన్నాను చూడండి, "లైట్‌కి మార్పించాను కదా" అని, అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ నిశ్చింత లేకపోతే మానిపించడానికి ఇంకొంచెం గట్టిగా ప్రయత్నించేవాణ్ణి.

ఇదంతా నాన్నకి చెప్పడానికి ఆ డిసెంబర్ దాకా ధైర్యం రాలేదు. పూత పట్టే రోజులు. తేనెమంచు పురుగు చూసి మందు కొట్టాలి. నాన్న పైపు పట్టకూడదు కాబట్టి, ఆయన డ్రమ్ము దగ్గర కూర్చుని లెక్క చెప్తుంటే నేను కలుపుతున్నాను. ఫిల్టర్ చిల్లుల సంగతి మొత్తం అక్కడ చెప్పేశాను. నేనూ తాగుతానన్న సంగతితో సహా.

ఆయన చాలాసేపు డ్రమ్ములోకి చూస్తూ కూర్చున్నాడు. నా సిగరెట్ల గురించి ఒక్క మాట అనలేదు. "అంటే సీసాలో మందు అదే. నాజిల్ దగ్గర గాలి కలిపి పలచన చేశారు. చెట్టు తడిసేదాకా కొట్టేవాడు ఏం చేస్తాడు? ఇంకాసేపు కొడతాడు. ఇంకో డ్రమ్ము కలుపుతాడు" అన్నాడు.

నేను రెండు వారాలు చదివి అర్థం చేసుకున్నది ఆయన ఒక డ్రమ్ముతో తేల్చేశాడు.

తర్వాత ఆయనే అన్నాడు. "మా చిన్నప్పుడు మీ తాత పొగాకు కాడలు నానబెట్టి ఆ నీళ్లే చెట్లకి చల్లేవాడు. పురుగు రాలిపోయేది." నిజమే. పొగాకు మొక్క నికోటిన్‌ని వేళ్లలో తయారు చేసుకుని ఆకులకి పంపేది తనని తినే పురుగుల్ని చంపడానికే. మన ఒంటికి పట్టింది ఆ పురుగుమందే.

"మరి సీసాలోనే మందు లేకపోతే ఏం చేస్తావు నాన్నా?" అని అడిగాను.

"ఉత్త నీళ్లు ఎన్నాళ్లు కొడతార్రా? నాలుగు రోజులు కొట్టి పైపు చుట్టేస్తాం."

నేను ఊరికే అడగలేదు. సరిగ్గా ఇదే ప్రశ్న మీద పెద్ద పరిశోధనలు జరిగాయి. 1994లో ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు, బెనోవిట్జ్, హెనింగ్‌ఫీల్డ్, ఒక ప్రతిపాదన చేశారు. ఫిల్టర్‌కి చిల్లులు పెట్టడం కాదు, పొగాకులోనే నికోటిన్‌ని అలవాటు పట్టలేనంత తక్కువకి దించితే ఎలా ఉంటుంది? అప్పుడు ఎంత లాగినా రాదు, ఎన్ని తాగినా చాలదు.

అందరికీ ఉన్న అనుమానం అమ్మ అనుమానమే. "తక్కువైతే ఎక్కువ తాగరా?" 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలు వచ్చాయి. మొత్తం 840 మంది, ఆరు వారాలు. వాళ్లెవరూ మానేద్దామని వచ్చినవాళ్లు కాదు. గ్రాము పొగాకులో 15.8 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న సిగరెట్ల నుంచి 0.4 మిల్లీగ్రాములు మాత్రమే ఉన్నవాటి దాకా రకరకాలు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో చెప్పలేదు. ఆరో వారానికి, తమ మామూలు బ్రాండ్ తాగినవాళ్లు రోజుకి సగటున 22 తాగుతుంటే, అన్నిటికంటే తక్కువ నికోటిన్ ఉన్నవి తాగినవాళ్లు 15 దగ్గరికి వచ్చారు. పెరగలేదు, తగ్గాయి. లోతుగా లాగి లోటు పూడ్చుకున్న దాఖలా కూడా పెద్దగా కనిపించలేదు.

2018లో ఇంకోటి. ఈసారి 1,250 మంది, 20 వారాలు. కొందరికి నికోటిన్ ఒక్కసారిగా దించేశారు, కొందరికి మెల్లమెల్లగా దించారు, కొందరికి మామూలే ఇచ్చారు. ఒక్కసారిగా దించినవాళ్ల ఒంట్లోకి వెళ్లిన విషాలు మిగతా రెండు గుంపుల కంటే తగ్గాయి. సిగరెట్టు ముట్టని రోజులూ వాళ్లకే ఎక్కువ. కాకపోతే మధ్యలో వదిలేసి వెళ్లిపోయినవాళ్లూ వాళ్లలోనే ఎక్కువ. చాటుగా మామూలు సిగరెట్లు తాగినవాళ్లూ ఉన్నారు. ఒళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోదు మరి.

ఇది చదివి నేను ఎగిరి గంతేశాను. ఆ సిగరెట్టు ఎక్కడ దొరుకుతుందా అని వెతికాను. మన కొట్టుల్లో దొరకదు. ఆ పరిశోధనలో వాడినవి ప్రత్యేకంగా చేయించినవి. న్యూజిలాండ్ 2022లో చట్టమే చేసింది, దేశంలో అమ్మే సిగరెట్లలో నికోటిన్ గ్రాముకి 0.8 మిల్లీగ్రాములు మించకూడదని. అమల్లోకి రాకముందే, ప్రభుత్వం మారాక, 2024 ఫిబ్రవరిలో ఆ చట్టాన్ని రద్దు చేశారు. అమెరికాలో ఎఫ్‌డీఏ 2025 జనవరిలో 0.7 మిల్లీగ్రాముల పరిమితిని ప్రతిపాదించింది. ప్రతిపాదన అంటే ఇంకా అమలు కాదు. మన దగ్గర 2003 చట్టంలోనే పెట్టె మీద నికోటిన్, తారు ఎంతుందో రాయాలన్న మాట ఉంది. నా జేబులో ఉన్న పెట్టె నాలుగు వైపులా తిప్పి చూశాను. బొమ్మ ఉంది, హెచ్చరిక ఉంది, అంకె లేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. నికోటిన్ లేని సిగరెట్టు కూడా నాన్న అన్నట్టు ఉత్త నీళ్లేం కాదు. అది ఉత్త పొగ. తారు తారే, మోనాక్సైడ్ మోనాక్సైడే. దాని గొప్పతనమల్లా దాన్ని వదిలెయ్యడం తేలిక కావడమే.

మాకు ఆ దారి లేదు కాబట్టి ఉన్న దారిలో వెళ్లాం. పొగాకులోంచి నికోటిన్ తియ్యలేకపోతే, నికోటిన్‌లోంచి పొగ తీసెయ్యొచ్చు. నికోటిన్ గమ్ చేసే పని అదే. ఆస్పత్రి నుంచి వచ్చాక నెల రోజులు నాన్న పంతంతో ఉన్నాడు. తర్వాత పంతం సడలుతోందని అమ్మ కనిపెట్టి డాక్టరు గారికి చెబితే, ఆయన గుండె పరిస్థితి చూసుకుని గమ్ రాశారు. గుండె జబ్బున్నవాళ్లు సొంతంగా కొనుక్కోకూడదు, అడిగే వాడాలి.

ఆ గమ్ మొదటిరోజే నాన్నకి నచ్చలేదు. బబుల్‌గమ్‌లా పరపరా నమిలేసి, గొంతు మండుతోందని ఉమ్మేశాడు. దాని పద్ధతి వేరు. ఘాటు తెలిసేదాకా మెల్లగా నమలాలి, తర్వాత బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకుని ఊరుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. "అంటే పొగాకు కాడ దవడన పెట్టుకున్నట్టా" అన్నాడు. అలా చెబితే ఆయనకి తేలిగ్గా అర్థమైంది. రోజుకి ఎనిమిదితో మొదలుపెట్టి, మూడు నెలలకి ఒకటి రెండుకి వచ్చాడు. ఇక్కడ మోతాదు నిజంగానే తగ్గుతూ వచ్చింది, ఎందుకంటే లెక్క మా చేతిలో ఉంది. తగ్గినదాన్ని లోతుగా లాగి పూడ్చుకోవడానికి అందులో పొగ లేదు.

నేను వేరే దారిలో వెళ్లాను. పెట్టె మీద ఒక నంబర్ ఉంటుంది, 1800 11 2356. నేషనల్ క్విట్‌లైన్, ఫ్రీ కాల్. ఐదేళ్లు ఆ నంబర్ నా జేబులోనే ఉంది. చాలామందికి కనపడకపోవడానికి కారణం, మనం లూజ్ కొంటాం, పెట్టె కొట్టులోనే ఉండిపోతుంది. ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడారు. "నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది తాగుతారు?" అని అడిగారు. అరగంటలోపే అయితే ఒళ్లు నికోటిన్‌కి బాగా కట్టుబడిందని అర్థమట. నాది ఆఫీసుకెళ్లాకే. అదే ప్రశ్న నాన్నని అడిగితే, "మొహం కడుక్కోకముందే" అన్నాడు. అప్పుడు తెలిసింది, మా ఇద్దరిదీ ఒకే సిగరెట్టు అయినా ఒకే అలవాటు కాదని. ఆయనకి మానడం ఎంత కష్టమో తెలియకుండానే ఇన్నేళ్లూ గొడవపడ్డామని కూడా.

గెలిచేశాం అని చెప్పను. 2024లో రేటు పడిపోయిన రోజు నాన్న మార్కెట్ బయట ఎవరి దగ్గరో ఒకటి అడిగి తాగాడు. ఇంటికొచ్చి తనే అమ్మకి చెప్పాడు. నేను రెండుసార్లు జారాను, రెండుసార్లూ ఫ్రెండ్ పెళ్లిళ్లలోనే. రెండోసారి ఆ ఫ్రెండ్ చేతిలో ఉన్నది అదే తెల్ల పెట్టె. "లైటే మామా" అన్నాడు. వాడి ఫోన్ టార్చ్ ఆన్ చెయ్యమని, ఫిల్టర్ విప్పి చూపించాను. పెళ్లి భోజనాల దగ్గర ఇదేం పనిరా అని అందరూ నవ్వారు. వాడు మాత్రం ఆ చిల్లుల్ని ఫోటో తీసుకున్నాడు.

మొన్న కోతలకి వెళ్లినప్పుడు రాత్రి తోటలో నాన్న దగ్గరే పడుకున్నాను. కాయ బాగా ఊరింది, గాలికి ఎక్కడో ఒకటి రాలి పడ్డ చప్పుడు. ఇదివరకైతే ఆ చప్పుడుకి లేచి ఒకటి వెలిగించుకునేవాడు. ఇప్పుడు మంచం కిందకి చెయ్యి పెట్టి కొబ్బరి చిప్ప తీశాడు. నా గుండె ఒక్క క్షణం ఆగింది. చూస్తే అందులో సోపు గింజలున్నాయి. నాలుగు నోట్లో వేసుకుని, నాకూ నాలుగు పెట్టి, టార్చ్ తీసుకుని కాయ ఎక్కడ పడిందో చూడ్డానికి వెళ్లాడు.

పొద్దున్నే అమ్మ క్యారేజీ తెచ్చింది. పెట్టీ పెట్టగానే అలవాటు కొద్దీ వంగి చిప్పలోకి చూసింది. సోపు తగ్గినట్టుంది, కొంగులోంచి ఇంకాస్త పోసింది.